సూది వేస్తే విశ్వాసం తప్పినట్టా?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం జబ్బుల గురించే. వాటిలో ఐదింటికి జవాబు రాస్తున్నాను. మిషన్ ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్ళు నర్సుగా పనిచేశాను. అంతకంటే ఎక్కువ కాలం పాస్టరుగారి భార్యగా సంఘంలో బతికాను. మంచం పక్కన ఏం జరుగుతుందో, గుడి బల్లల మీద ఏం మాట్లాడుకుంటారో రెండూ విన్నదాన్ని.

*

అమ్మగారికి వందనాలు. మా బాబుకు పన్నెండేళ్ళు. నిరుడు దసరా సెలవుల్లో విపరీతమైన దాహం, బరువు తగ్గిపోవడం చూసి పరీక్ష చేయిస్తే షుగర్ అన్నారు. రోజుకు నాలుగు సార్లు ఇన్సులిన్ వేయాలి. మా ఊరి ప్రార్థన కూడికకు వచ్చిన ఒక ప్రసంగీకుడు బాబు తల మీద చెయ్యి ఉంచి ప్రార్థించి, "స్వస్థత అయిపోయింది, ఇక సూది వేస్తే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టే" అన్నారు. మా అత్తగారు మందు, సూదులు అన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారు. రెండో రోజు రాత్రికి వాంతులు, ఆయాసం. బాబును ఎత్తుకుని ఆటోలో పట్నం తీసుకెళ్ళాను. మూడు రోజులు ఐసీయూలో ఉంచారు, బతికాడు. ఇప్పుడు వేళకు సూది వేస్తున్నాను. కానీ వేసిన ప్రతిసారీ నా విశ్వాసం ఓడిపోయిందనిపిస్తుంది. ఇంకొక్క రోజు ఆగి ఉంటే దేవుడే బాగుచేసేవాడని అత్తగారు ఇప్పటికీ అంటారు. నేను తప్పు చేశానా?
– ఒక తల్లి, పల్నాడు జిల్లా

అమ్మాయీ, నా చిన్న కూతురి వయసుదానివి, నువ్వు అనే రాస్తాను. తప్పు చేయలేదు. ఇంకొక్క రోజు ఆగి ఉంటే బిడ్డ నీకు దక్కేవాడు కాదు.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక రాత్రి డ్యూటీలో తొమ్మిదేళ్ళ పాపను తీసుకొచ్చారు. పరుగెత్తి వచ్చిన మనిషిలా లోతుగా ఊపిరి లాగుతోంది. పెదవులు ఎండి పగిలిపోయాయి. నాడి చూడడానికి వంగితే నోటి నుంచి బాగా మాగిన పండు వాసన. ఆ వాసన ఇప్పటికీ మరిచిపోలేదు. ఎవరో పసరు మందు తాగిస్తే చాలన్నారట, సూది మానేశారు. తెల్లవారుజామున నాలుగు గంటలకు పాప పోయింది. వాళ్ళ నాన్న చేతిసంచిలో నుంచి తువ్వాలు తీస్తుంటే దానితో పాటు ఇన్సులిన్ సీసా బయటికి వచ్చింది. దాని మూత మీది రేకు కూడా తీయలేదు. ఆయన ఆ సీసా నా చేతిలో పెట్టి, "ఇప్పుడు వేయండమ్మా" అన్నాడు.

మీ బాబుకు వచ్చింది పెద్దవాళ్ళకు వచ్చే షుగర్ లాంటిది కాదు. పెద్దవాళ్ళలో చాలామందికి మాత్రలు, పథ్యం సరిపోతాయి. పిల్లలకు వచ్చే ఈ రకంలో శరీరం ఇన్సులిన్ తయారుచేయడమే మానేస్తుంది. అది లేకపోతే తిన్న తిండి ఒంటికి పట్టదు, రక్తంలో విషంలాంటి ఆమ్లం పేరుకుంటుంది. వాంతులు, కడుపు నొప్పి, ఆయాసం, పండు వాసన దాని గుర్తులు. నూరేళ్ళ కిందట ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఏడాదో రెండేళ్ళో బతికేవారు, అదీ సగం ఆకలితో ఉంచితే. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో పద్నాలుగేళ్ళ కుర్రవాడికి మొట్టమొదటిసారి ఇన్సులిన్ సూది వేశారు. మీ బాబు కంటే రెండేళ్ళు పెద్దవాడు. ఆ ఏడుకు ముందు పుట్టిన తల్లులు ఎంత ఏడ్చి ప్రార్థించి ఉంటారో ఆలోచించు. ఆ ప్రార్థనలకు జవాబుగా వచ్చిన మందును బీరువాలో పెట్టి తాళం వేసి, దేవుడి కోసం ఎదురు చూస్తున్నామనడం నాకు మింగుడుపడదు.

ఇక ఆ ప్రసంగీకుడి మాట. యెషయా గ్రంథం 38వ అధ్యాయం తీసి అత్తగారికి చదివి వినిపించు. హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో పడి ఉన్నాడు, గోడవైపు తిరిగి ఏడ్చాడు. నీ కన్నీళ్ళు చూశాను, పదిహేనేళ్ళ ఆయుష్షు ఇస్తున్నానని దేవుడు చెప్పాడు. వాగ్దానం వచ్చేసింది కదా! అయినా అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టమని యెషయాయే చెప్పాడు. ఆ కట్టు కట్టినందుకు దేవుడు అబద్ధికుడు కాలేదు. పదిమంది కుష్ఠరోగుల సంగతి కూడా చెప్పు. వెళ్ళి యాజకులకు కనబరచుకొమ్మన్నాడు ప్రభువు. రోగం పోయిందో లేదో చూసి తేల్చే బాధ్యత ఆ రోజుల్లో యాజకులది. నిజమైన స్వస్థత పరీక్షకు భయపడదు. రేపు ఎవరైనా మీ బాబు బాగుపడ్డాడంటే, "సంతోషం, పరీక్ష చేయిస్తాం, డాక్టరుగారు తగ్గించమంటే తగ్గిస్తాం" అని చెప్పు. అందులో అవిశ్వాసం ఏమీ లేదు.

అసలు మన తెలుగు సంఘాలకు ఈ తగువు ఎక్కడి నుంచి వచ్చిందా అని నాకు బాధగా ఉంటుంది. అన్నా కుగ్లర్ దొరసాని 1883లో గుంటూరు వచ్చారు. మగ డాక్టర్లకు చెయ్యి కూడా చూపించని ఇళ్ళలోకి వెళ్ళి ఆడవాళ్ళకు వైద్యం చేశారు. 1898లో ఆసుపత్రి తెరిచారు. మన ముత్తవ్వలు సువార్తనూ మందు సీసానూ ఒకే చేతి నుంచి అందుకున్నారు. వాళ్ళ మునిమనవలకు ఆ రెంటిలో ఒకటి ఎంచుకోమని ఎవరో వచ్చి చెప్పడమేమిటి?

మీ సంఘ కాపరికి ఈ పేజీ చూపించు. ఆ ప్రసంగీకుణ్ణి మళ్ళీ వేదిక ఎక్కించవద్దని అడగడానికి తల్లిగా నీకు హక్కుంది.

అత్తగారితో మాత్రం పోట్లాడవద్దు. మనవడు బతకాలనే ఆమె తాళం వేసింది, ఆమె భయం కూడా నీ భయమే. నేనైతే ఇలా చేస్తాను: సూది వేసే ముందు ఆమెను పిలిచి, బాబు తల మీద చెయ్యి ఉంచి ఒక్క నిమిషం ప్రార్థన చేయమంటాను. ఆమె ఆమేన్ అనగానే నువ్వు సూది వెయ్యి. రోజుకు నాలుగు సార్లు.

రెండు జాగ్రత్తలు. ఉపవాస కూడికల్లో బాబును ఉపవాసం ఉంచవద్దు. ఇన్సులిన్ వేసి అన్నం పెట్టకపోతే షుగర్ పడిపోయి వణుకు, చెమటలు, మైకం వస్తాయి. అప్పుడు తెలివిలో ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆదివారపు బడి టీచరుకు ఈ సంగతి తప్పక చెప్పి ఉంచు. రెండోది, ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, దానిలో చిన్న కుండ పెట్టి, ఆ చిన్న కుండలో మందు ఉంచు. నీడలో ఉంటే చల్లగానే ఉంటుంది.

*

నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి, 61 ఏళ్ళు. నా భార్య రొమ్ము క్యాన్సర్‌తో గత ఏడాది చనిపోయింది. ఆపరేషన్, కీమో అన్నీ చేయించాను. సంఘమంతా నలభై రోజులు ఉపవాస ప్రార్థన చేసింది. అందుకు వాళ్ళకు రుణపడి ఉన్నాను. కానీ ఆమె పోయిన నెలకే ఒక పెద్ద, "ఇంత ప్రార్థన జరిగినా కనికరం దొరకలేదంటే ఇంట్లో ఏదో మరుగున ఉంది" అన్నాడట. అది నా చెవిన పడింది. ఇప్పుడు ఆదివారం గుడి గేటు దాకా వెళ్ళి తిరిగి వచ్చేస్తున్నాను. సాక్ష్యాల సమయం తలుచుకుంటేనే గుండె బరువెక్కుతుంది. నా భార్య విశ్వాసం తక్కువైనదా? నాదా?
– ఖమ్మం జిల్లా నుంచి ఒక పాఠకుడు

అన్నయ్యగారూ, ఆ మాట అన్న పెద్ద చాలా తప్పు మాట్లాడారు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది కూడా అదే: ఎవరు పాపం చేశారు, వీడా, వీని కన్నవారా? "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అని ప్రభువు ఆ ప్రశ్ననే కొట్టేశాడు. ఆయన కొట్టేసిన ప్రశ్నను మన సంఘాలు ప్రతి చావు ఇంటి అరుగు మీదా మళ్ళీ లేవదీస్తున్నాయి.

పౌలుగారి గురించి ఒక సంగతి చెప్తాను. ఎఫెసులో ఆయన ఒంటిని తాకిన చేతిరుమాళ్ళు తీసుకెళ్ళి రోగుల మీద వేస్తే బాగుపడ్డారని అపొస్తలుల కార్యములు చెబుతుంది. త్రోఫిము ఆ ఎఫెసువాడే, పౌలుతో కలిసి ప్రయాణాలు చేసినవాడు. తిమోతికి రాసిన రెండో పత్రిక చివర చూడండి: త్రోఫిము రోగి కాగా అతణ్ణి మిలేతులో విడిచి వచ్చానని పౌలు రాస్తాడు. మిలేతు ఎఫెసుకు దగ్గరే. ఏ ఊరిలో రుమాలుతో జనం లేచి కూర్చున్నారో ఆ ఊరివాడు, పౌలుకు సొంత మనిషి, మంచాన ఉండిపోయాడు. అతని విశ్వాసం తక్కువైందని పౌలు ఒక్క అక్షరం రాయలేదు. కారణమూ రాయలేదు. ఉన్నది ఉన్నట్టు రాసి ముందుకు వెళ్ళాడు.

ఇంకొకచోట ఎపఫ్రొదితు చావు దాకా వెళ్ళి బతికాడు. "దేవుడతనిని కనికరించెను" అంటూ, తనకు దుఃఖం మీద దుఃఖం కలగకుండా తనను కూడా కనికరించాడని పౌలు రాశాడు. ఆ స్నేహితుడు పోయి ఉంటే పౌలు దాన్ని దుఃఖమనే అనేవాడు. కాబట్టి మీరు దుఃఖపడండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మావారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట పడిపోయాయి. ఇరవై తొమ్మిదేళ్ళు ప్రసంగపీఠం మీద నిలబడ్డ మనిషి ఆరేళ్ళు మాట లేకుండా బతికారు. మొదటి ఏడాది మా ఇంటికి చాలామంది వచ్చి గట్టిగా ప్రార్థన చేశారు. రెండో ఏడుకు రావడం తగ్గించారు. మాట తిరిగి రాని పాస్టరుగారు వాళ్ళకు ఇబ్బందిగా తోచారేమో. చివరిదాకా వచ్చింది ఒకావిడ, మార్కెట్లో ఆకుకూరలు అమ్ముతుంది. చదువు రాదు, పైకి ప్రార్థన చేయడానికి సిగ్గు. ప్రతి మంగళవారం మధ్యాహ్నం తోటకూర మట్టి ఇంకా గోళ్ళలో ఉండగానే వచ్చి, చేతులు కడుక్కుని, గోరువెచ్చని నీళ్ళ గిన్నె పెట్టుకుని మావారి గోళ్ళు తీసేది. ముడుచుకుపోయిన కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, అరచేతి మడతల్లో పేరుకున్న మురికి తుడిచి, కొబ్బరి నూనె రాసేది. ఆ చెయ్యి అలా తెరిచి తుడవకపోతే చర్మం పాచిపోతుంది, నర్సుగా నాకు తెలుసు. ఆవిడకు ఎవరూ చెప్పలేదు, చూసి నేర్చుకుంది. మావారు ఎడమచెయ్యి ఆవిడ తల మీద పెట్టేవారు. అప్పుడప్పుడు ఇద్దరూ ఏడ్చేవారు. నాకు ఆ ఆరేళ్ళలో దేవుడి కనికరం ఎక్కడుందని ఎవరైనా అడిగితే ఆ మంగళవారం మధ్యాహ్నాలు చూపిస్తాను.

మార్కు సువార్తలో నలుగురు మనుషులు ఒక పక్షవాయువు రోగిని మోసుకొచ్చి, ఇంటికప్పు విప్పి దించారు. యేసు "వారి విశ్వాసము" చూశాడని ఉంది. మోసినవాళ్ళ విశ్వాసం. మంచం మీదివాణ్ణి నీకెంత విశ్వాసముందని ఎవరూ అడగలేదు. నలభై రోజులు ఉపవాసమున్న మీ సంఘం ఆ నలుగురి పనే చేసింది, దాన్ని కృతజ్ఞతతో గుర్తుంచుకోండి. ఆ ఒక్క పెద్ద మాట సంఘం మాట అనుకోవద్దు. మీ పాస్టరుగారిని ఇంటికి పిలిచి, ఆ మాట మీకు చేసిన గాయం గురించి నేరుగా చెప్పండి. కబురు పంపవద్దు.

ఒక ఆదివారం గేటు దాటి వెళ్ళగలిగితే, సాక్ష్యాల సమయంలో లేచి 88వ కీర్తన చదివి కూర్చోండి. ఇంకేమీ చెప్పక్కర్లేదు. కీర్తనలన్నిటిలో అది చీకటితోనే ముగుస్తుంది, చివర స్తోత్రం కూడా లేదు. అయినా పరిశుద్ధ గ్రంథంలో దానికి చోటుంది. చదువుతుంటే మీ సంఘంలో కనీసం పదిమంది తల వంచుకుంటారు. వాళ్ళకూ అలాంటి సంవత్సరం ఒకటి ఉండే ఉంటుంది.

*

స్వస్థత కూడికలో ప్రార్థించిన నూనె అని చిన్న సీసా మూడు వందల రూపాయలకు కొన్నాను. మోకాళ్ళ నొప్పికి రాస్తున్నాను. అయిపోతోంది. మళ్ళీ కొనాలా? బైబిల్లోనూ నూనె రాయమని ఉంది కదా?
– ఏలూరు నుంచి ఒక సోదరి

ఉందమ్మా. యాకోబు పత్రిక ఐదో అధ్యాయం. అయితే అక్కడ ఎవరు ఎటు నడుస్తున్నారో చూడండి. రోగి సంఘపు పెద్దలను పిలిపించాలి, వాళ్ళు వచ్చి నూనె రాచి ప్రార్థన చేయాలి. రోగి ఇంట్లోనే ఉంటాడు, నడవాల్సింది పెద్దలు. మోకాళ్ళ నొప్పితో ఉన్న మీరు బస్సెక్కి మైదానానికి వెళ్ళి, వరుసలో నిలబడి, డబ్బు చెల్లించడం యాకోబు రాసినదానికి పూర్తిగా తలకిందులు. ఆ పత్రికలో నూనెకు వెల కూడా లేదు.

ఆ కాలంలో ఒలీవ నూనె ఇంట్లో వాడే మందు. మంచి సమరయుడు గాయాల మీద పోసింది నూనె, ద్రాక్షారసం. మన నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దొరసాని 1915లో కుష్ఠరోగుల ఆసుపత్రి ప్రారంభించారు. ఊళ్ళ నుంచి వెళ్ళగొట్టిన మనుషులకు చాల్‌మూగ్రా గింజల నూనెను సూదితో ఎక్కించేవారు. అప్పటికి ఆ రోగానికి ఉన్న మందు అదే. ఆ ఆసుపత్రికి పెద్ద మొత్తం ఇచ్చినవారు రాజా నర్సాగౌడ్, హిందువు. దేవుడు కనికరించదలిస్తే ఎవరి చేతినైనా వాడుకుంటాడు, ఏ నూనెనైనా వాడుకుంటాడు.

సీసా మళ్ళీ కొనవద్దు. మీ సంఘ పెద్దలకు కబురు చేయండి. వంటింట్లో ఉన్న నూనె చాలు. ఆ మూడు వందలు పెట్టి ఎముకల డాక్టరుకు ఒకసారి మోకాళ్ళు చూపించండి.

*

నాకు క్షయ వచ్చింది. మందులు మొదలుపెట్టి మూడు నెలలైంది. ప్రభు భోజనంలో అందరూ తాగే పాత్ర నుంచి నాకు ఇవ్వవద్దని కొందరు గొణుగుతున్నారు. నేను బల్లకు దూరంగా ఉండాలా?
– 24 ఏళ్ళ యువకుడు, ప్రకాశం జిల్లా

దూరంగా ఉండవద్దు బాబూ. క్షయ దగ్గు వల్ల గాలిలో పాకుతుంది, పాత్ర వల్ల కాదు. మందులు సరిగా వేసుకుంటే చాలామందిలో కొన్ని వారాల్లోనే ఇతరులకు అంటించే స్థితి పోతుంది. ఇక ఆ ప్రమాదం లేదని మీ డాక్టరు చేత ఒక ముక్క రాయించి పాస్టరుగారికి ఇవ్వు, ఆయనే గొణిగేవాళ్ళకు చెప్తారు. అప్పటికీ నీకు మనసొప్పకపోతే రొట్టెను ద్రాక్షారసంలో ముంచి ఇమ్మని అడుగు, చాలా సంఘాల్లో అలా ఇస్తారు. ఒళ్ళు బాగానే ఉంది కదా అని మాత్రలు మధ్యలో మానవద్దు. సాధారణంగా ఆరు నెలలు వేసుకోవాలి, డాక్టరు చెప్పినన్నాళ్ళూ వెయ్యి. మానితే జబ్బు మొండికెత్తి తిరిగి వస్తుంది. నిక్షయ్ పోషణ్ యోజన కింద పౌష్టికాహారానికి నెలకు 1,000 రూపాయలు నీ బ్యాంకు ఖాతాలో పడాలి. పడకపోతే మందులిచ్చే కేంద్రంలో అడుగు.

*

మా స్త్రీల సమాజం నుంచి జబ్బుగా ఉన్నవారిని ఇళ్ళకు వెళ్ళి పరామర్శించాలని నిర్ణయించాం. ఎలా చేయాలో, ఏం మాట్లాడాలో చెప్పండి.
– కార్యదర్శి, గుంటూరు జిల్లా

ఇద్దరు వెళ్ళండి, పదిమంది వద్దు. ముందు రోజే కబురు చేయండి, ఆ ఇంటావిడ టీ పెట్టే పనిలో పడకుండా వస్తూ ఫ్లాస్కు తెచ్చుకోండి. మంచం మీద కూర్చోవద్దు. రోగి మెడ తిప్పకుండా చూడగలిగేచోట కుర్చీ వేసుకోండి. మీ మరదలికి ఇదే జబ్బు వచ్చి ఎలా పోయిందో చెప్పవద్దు. ఏ వాక్యం చదవమంటారో రోగినే అడగండి. మెల్లగా, చిన్నగా ప్రార్థించండి. బాగుచేయమని అడగండి, ధైర్యంగా అడగండి, మన తండ్రి కనికరం గలవాడు. అలాగే ఈ రాత్రి నిద్ర పట్టాలని, నొప్పి తగ్గాలని, కాపలా ఉన్నవాళ్ళకు ఓపిక ఉండాలని కూడా అడగండి. రోగులు అన్నిటికంటే గట్టిగా ఆమేన్ అనేది ఆ నిద్ర గురించి చేసిన ప్రార్థనకే.

పావుగంటలో లేవండి. లేచేటప్పుడు మంచం పక్కన నీళ్ళ చెంబు ఖాళీగా ఉందేమో చూసి, నింపి, చెయ్యి అందేచోట పెట్టి రండి. మళ్ళీ ఏ రోజు వస్తారో చెప్పి, ఆ రోజు తప్పకుండా వెళ్ళండి.